గోధుమరంగు చుక్కలు

పూయను, కాయను, ఎవరికీ నీడ ఇవ్వను. నన్ను ఫెర్న్ అంటారు. ఈకల్లాంటి పొడవాటి ఆకులు తప్ప నా దగ్గర చూపించుకోవడానికి ఇంకేమీ లేదు. కడియం నర్సరీలో ఒక ముసలి ఫెర్న్‌ను కుండీలోంచి పెళ్లగించి, వేళ్ల ముద్దను కత్తితో చీల్చారు. ఆ ముక్కల్లో ఒకదాన్ని నేను. పుట్టుకే కోతతో మొదలైంది కాబట్టి మనుషుల మీద నాకు పెద్ద ఆశలు ఉండేవి కావు. ఒకావిడ మీద మాత్రం పెట్టుకున్నాను.

ఆవిడ పేరు హైమవతి. రాజమండ్రిలో పెళ్లి చూసుకుని భర్తతో కారులో విజయవాడ తిరిగి వెళుతూ మా నర్సరీ దగ్గర దిగింది. భర్త పాండురంగారావు ఒక బీమా కంపెనీలో పెద్ద ఉద్యోగి. ఆయన గులాబీల వైపు నడిచాడు. ఆవిడ మాత్రం పచ్చ వల కింద ఉన్న మా వరుస ముందు ఆగి, నా ఆకు కొసను వేలితో మెల్లగా ఎత్తి చూసింది.

"ఇదెందుకే? పువ్వే పూయదు, గడ్డిలా ఉంది. గులాబీ తీసుకో" అన్నాడాయన.

"గులాబీకి ఎండ కావాలండి బాబూ. ఇంట్లో పెడితే ఎండిపోద్దండి. ఇదైతే నీడనే బతుకుద్దండి" అన్నాడు నర్సరీ మనిషి.

"నాకిదే కావాలి" అంది హైమవతి.

ఆయన వింతగా చూశాడు. తర్వాత వాళ్ల ఇంట్లో ఉండగా అర్థమైంది నాకు, ఆ చూపు ఎందుకో. ఆ ఇంట్లో సోఫా ఆయన ఎంచినదే. కర్టెన్లు ఆయన ఎంచినవే. పండక్కి ఆవిడ కట్టే చీర రంగు కూడా ఆయనే చెప్పేవాడు. "నాకిదే కావాలి" అని ఆవిడ అనడం ఆయన బహుశా అప్పుడే విన్నాడు. ఆ రోజు మాత్రం పోనిమ్మన్నాడు.

విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాట్. ఆ ఊరి ఎండల గురించి నేను చెప్పనక్కర్లేదు. హైమవతికి కూడా మొదట్లో ఏమీ తెలియదు. వెలుతురు కావాలి కదా అని నన్ను పడమటి కిటికీలో పెట్టింది. వారం తిరిగేసరికి నా కొసలు కాలిన కాగితంలా అయ్యాయి. ఆవిడ కంగారుపడి, గదిలోపలికి లాగి, పల్చటి కర్టెన్ వెనక వెలుతురు పడీపడనట్టుండే చోట పెట్టింది. నాకు కావలసింది సరిగ్గా అదే. తర్వాత గాలి పొడిగా ఉందని కనిపెట్టింది. ఒక వెడల్పాటి పళ్లెంలో గులకరాళ్లు పోసి, నీళ్లు నింపి, ఆ రాళ్ల మీద నా కుండీ పెట్టింది. వేళ్లు నీళ్లలో నానవు, ఆకులకు మాత్రం తేమ అందుతుంది. మట్టిలో కొబ్బరి పొట్టు కలిపింది. రోజూ పొద్దున్నే మట్టిలో వేలు పెట్టి చూసి, పైన తడి ఆరితేనే నీళ్లు పోసేది. ఎండిన ఆకులను కత్తెరతో మొదలంటా తీసేసేది. మరీ వేడిగా ఉన్న రోజుల్లో నన్ను స్నానాలగదిలోకి మోసుకెళ్లి, చన్నీళ్లు చల్లి, "ఉండు, ఇక్కడ కాసేపు చల్లగా ఉండు" అని పలకరించేది. ఆ ఇంట్లో ఆవిడ మాటకు ఎదురు చెప్పనిదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటాను.

రెండేళ్లకు నా ఆకులు కుండీ దాటి నలువైపులా జారాయి. హాల్లోకి వచ్చిన ప్రతివాళ్లూ ముందు నన్నే చూసేవాళ్లు. పక్క ఫ్లాట్‌లో ఉండే టీచరు రజియా స్కూలు నుంచి రాగానే వచ్చి నా ముందు కూర్చునేది. "ఏం పెడుతున్నావ్ హైమా దీనికి? మా ఇంట్లో మనీప్లాంటే బతకదు" అనేది. హైమవతి ముఖం అప్పుడు ఎలా వెలిగేదో నాకు తెలుసు.

ఒకరోజు ఆఫీసు వాళ్లు ఇంటికి వచ్చారు. "ఇంత బాగా ఎలా పెంచారు సార్?" అని ఎవరో అడిగారు. పాండురంగారావు నా వైపు ఒకసారి చూసి, కాలు మీద కాలు వేసుకుని, "ఓపిక ఉండాలండీ. నాకదో హాబీ" అన్నాడు. అప్పటికి ఆయన నాకు పోసినది ఒక్కటే, తాగగా మిగిలిన కాఫీ. హైమవతి కాఫీ కప్పుల ట్రేతో గుమ్మంలో నిలబడి ఉంది. నవ్వింది. ఆ నవ్వు మొహమాటమో, క్షమో నేను తేల్చుకోలేకపోయాను.

ఆ మాట ఆయనకు రుచించింది. ఊళ్లో మొక్కలు పెంచేవాళ్ల సంఘం ఒకటి ఉంటే అందులో చేరాడు. వాళ్లు కల్యాణమండపంలో ప్రదర్శన పెట్టినప్పుడు నన్ను కారు వెనక సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు. ముందురోజు నా ఆకు ఆకూ తడిగుడ్డతో తుడిచింది హైమవతే. బహుమతి నాకే వచ్చింది. నాకు అనేకంటే ఆయనకని అనాలి. షీల్డు మీద ఆయన పేరే చెక్కి ఉంది.

ఆ సాయంత్రం ఆయన షీల్డుకు మేకు కొడుతుంటే హైమవతి మెల్లగా అంది. "నా పేరు కూడా చెప్పి ఉండాల్సిందండీ."

"భలేదానివే. మనిద్దరి ఇంటిపేరూ ఒకటేగా? నాదంటే నీది కాదా?"

"అలాగైతే నా పేరే రాయిస్తే సరిపోయేది."

ఆయన సుత్తి దించాడు. "నీ పేరెవరికి తెలుసే?" అని నవ్వి, మళ్లీ మేకు కొట్టుకున్నాడు.

ఆ తర్వాత కూడా ఆవిడ నన్ను వదల్లేదు. ఆయన నన్ను అందరికీ కనపడాలని ఏసీ కింద బల్ల మీద పెట్టేవాడు. ఆ చల్లటి పొడిగాలి తగిలితే నా ఆకులు పొడిపొడిగా రాలేవి. ఆయన ఆఫీసుకు వెళ్లగానే ఆవిడ నన్ను కర్టెన్ వెనక్కి చేర్చేది. ఆయన గర్వంకొద్దీ పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు కుమ్మరిస్తే, ఆవిడ వచ్చి కుండీ వంచి నీళ్లు తీసేసేది. ఒకరోజు ఆయన తొందరగా ఇంటికొచ్చాడు. బల్ల ఖాళీగా ఉంది.

"నా మొక్కను ఎవరు కదిపారు?"

"ఏసీ గాలి దానికి పడదండీ."

"సంఘంలో మొక్కల గురించి నన్ను అడుగుతున్నారు హైమా, నిన్ను కాదు. నా మొక్క జోలికి రావద్దు."

హైమవతి నన్ను ఎత్తి, తిరిగి ఆ బల్ల మీదే పెట్టింది. చేతికి అంటిన మట్టి కొంగుకు తుడుచుకుంది. "సరే, మీ మొక్క" అంది. ఆ రోజు నుంచి ఆ చెయ్యి నా మీద పడలేదు. హాల్లో తుడిచేటప్పుడు కూడా నా చుట్టూ తుడిచి వెళ్లేది. నా వేళ్లు కుళ్లుతున్న వాసన ఆవిడకు తెలియకుండా ఉండదు.

తర్వాతి నెల సంఘం సమావేశం మా హాల్లోనే జరిగింది. ఇంట్లో ఫెర్న్‌లు పెంచడం గురించి ఆయన మాట్లాడాడు. ఒక పెద్దావిడ నా ఆకు తిప్పి చూసి, "వెనకాల ఈ గోధుమరంగు చుక్కలేమిటండీ?" అని అడిగింది. అవి నా పిల్లలు. పువ్వూ విత్తనమూ లేని నాకు సంతానం అంటే ఆ చుక్కల్లోని పొడే. నిండుగా ఎదిగిన ఫెర్న్‌కు వరుసకట్టినట్టు వస్తాయి. ఆయన వంగి చూశాడు. తెలియదనడం ఆయనకు అలవాటు లేదు. "పురుగండీ. మందు కొట్టాలి" అన్నాడు.

మర్నాడు పురుగుల మందు డబ్బా కొనుక్కొచ్చాడు. పత్తి చేలకు కొట్టేది. ఎక్కువ వేస్తే త్వరగా పోతుందని చిక్కగా కలిపాడు. హైమవతి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో గరిటె ఉంది. ఆ చుక్కలేమిటో ఆవిడకు తెలుసు. అవి మొదటిసారి కనిపించినప్పుడు రజియాను పిలిచి మరీ చూపించింది, ఫెర్న్ సంతోషంగా ఉంటేనే ఇవి వస్తాయని. నేను ఆవిడ వైపే చూశాను. అవి పురుగులు కావు అని ఒక్క మాట అంటే చాలు.

"చూశావా, నువ్వు పట్టించుకోలేదు కాబట్టే పురుగు పట్టింది" అన్నాడాయన, డబ్బా మూత తిప్పుతూ.

"మీకు తెలియనిదేముంది" అంది హైమవతి. పొయ్యి మీద కూర మాడుతోందని లోపలికి వెళ్లిపోయింది. కూర మాడటం లేదు. మాడు వాసన ఎక్కడా లేదు.

మందు పడ్డచోటల్లా ఆకు నల్లబడింది. పైన మందు, కింద కుళ్లు. రెండు వారాలకు నేను బల్ల మీద ఉంచడానికి పనికిరాకుండా పోయాను. వాచ్‌మన్ వచ్చి నన్ను మేడ మీద నీళ్ల ట్యాంకు వెనక పడేశాడు. నా చోట ఒక ప్లాస్టిక్ ఫెర్న్ వచ్చిందని అతనే ఎవరితోనో అంటుంటే విన్నాను. దాన్ని ఎక్కడ పెట్టినా ఏమీ కాదు.

నిన్న మధ్యాహ్నం హైమవతి, రజియా బట్టలు ఆరేయడానికి పైకి వచ్చారు. నన్ను చూసి రజియా ఆగిపోయింది.

"మీ ఆయన మా ఆయనతో ఏమన్నారో తెలుసా? 'మా హైమవతి నీళ్లు పోయక చంపేసింది' అన్నారట."

హైమవతి తడి దుప్పటి దులిపి తీగ మీద వేసింది. "అయితే నా పేరు చెప్పారన్నమాట" అంది. "ఇన్నాళ్లకు."

"నవ్వులాటగా ఉందా నీకు? ఒక్క మాట చెప్పి ఉంటే బతికేదిగా హైమా!"

"బతికేది. ఆయన మొక్కగా."

ఇద్దరూ ఖాళీ బకెట్లు తీసుకుని మెట్లు దిగిపోయారు. హైమవతి ఒకసారి వెనక్కి చూసింది. జాలిగానే చూసింది, కాదనను. ఆవిడకూ ఆయనకూ మధ్య ఏ లెక్క తేలాలో నాకు తెలియదు. ఆవిడ కోపం న్యాయమైనదే కావచ్చు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని, ఎవరి పేరుతోనైనా సరే, నేను బతికేదాన్నని.