మూడు తీగల మీద కొర్రమేను

తెరేసమ్మ ఆ ల్యాప్‌టాప్‌ను రెండు చేతులతో ఎత్తి బరువు చూసింది.

"మాస్టారూ, దీన్ని ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చారా? దీనికి టిక్కెట్టు కొట్టలేదూ?"

"కండక్టరు అడగలేదమ్మా," అన్నాను.

అది 2003 మే నెల. తెరేసమ్మకు గవర్నర్‌పేటలో డీటీపీ సెంటరు ఉంది. పుస్తకాలు కంపోజ్ చేసి పక్క వీధిలోని ప్రెస్సుకు ఇస్తుంది. నేను హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. ల్యాప్‌టాప్ నా భార్య రామతులసిది. కొల్లేటి లంకలో ఒక ప్రాథమిక పాఠశాలలో తులసి పదకొండేళ్లు పనిచేసింది. అక్కడి పిల్లల కోసం చేపలు, వలలు, పడవలతో రెండో తరగతి వాచకం ఒకటి రాసింది. జనవరిలో చనిపోయింది. జూన్‌లో బడి తెరిచేనాటికి ఆ పుస్తకం పిల్లల చేతుల్లో ఉండాలని నేను అనుకున్నాను.

తెరేసమ్మ నా సంచిలోని కాగితాల కట్ట చూసింది.

"ప్రింటు ఉందిగా? ఇది చూసి కొట్టేస్తాను, రెండ్రోజుల పని. ఈ డొక్కుతో కుస్తీ ఎందుకండీ?"

"అందులో ఎర్రసిరా ఉంది చూడు. అది నాది."

ఏడాది కిందటి ప్రింటు అది. నలభై చోట్ల దిద్దాను. కొర్రమేను పాఠంలో తులసి, 'కొర్రమేను గాలి పీల్చడానికి పైకి వస్తుంది' అని రాసింది. నేను ఆ వాక్యం కొట్టేసి, చేపలు నీటిలోనే మొప్పలతో శ్వాసిస్తాయని పక్కన రాశాను. తులసి కాగితాలన్నీ తిరగేసి, "సరేలెండి, పుస్తకం అయ్యాక చూద్దురుగాని," అంది. తర్వాత ఆరునెలలు ఈ మిషన్ మీదే పనిచేసింది. మళ్లీ ప్రింటు తీయలేదు.

పెద్దకర్మ నాడు లంక నుంచి గంగరాజు అనే చేపలాయన వచ్చాడు. ఆయన కూతురు తులసి దగ్గర చదువుకుంది. మాటల్లో కొర్రమేను సంగతి అడిగాను.

"పైకి రానీకుండా వల కింద అట్టి పెడితే చచ్చిపోద్దండీ అది. మా చంటిదానిక్కూడా తెలుసు," అన్నాడు.

నేను ఇరవై రెండేళ్లుగా సైన్సు చెబుతున్నాను.

మిగతా ముప్పై తొమ్మిది చోట్ల ఎవరిది ఒప్పో ఇప్పుడు నేను చెప్పలేను. తులసి చివరికి ఏది ఉంచిందో ఈ మిషన్‌లో మాత్రమే ఉంది.

దాని ఫ్లాపీ డ్రైవు ఏదీ చదవదు. యూఎస్‌బీ లేదు. మౌసుకు బదులు ఉండే బంతి బిగుసుకుపోయింది కాబట్టి అన్నీ కీబోర్డుతోనే చేయాలి. పైగా పావుగంటలో వేడెక్కి ఆగిపోతుంది. ఇవన్నీ ఇంటి దగ్గరే చూసుకుని వచ్చాను.

"వెనక సీరియల్ పోర్టు బాగానే ఉండాలి. నీ కంప్యూటర్‌కీ ఉంది. రెంటికీ మధ్య ఒక కేబుల్ చాలు," అన్నాను.

కింద షాపులో కొన్న కేబుల్ తగిలించాం. రెండువైపులా హైపర్‌టెర్మినల్ అనే ప్రోగ్రాం తెరిచి ఇటు అక్షరాలు కొట్టాను. అటు ఏమీ రాలేదు.

"పోర్టు పోయిందండీ," అంది తెరేసమ్మ.

"చూడకుండా పోయిందనకూడదు. ఒక పిన్నీసు ఇవ్వమ్మా."

ఆమె గాజులకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. కేబుల్ ఊడదీసి, పోర్టులో రెండో ముల్లునూ మూడో ముల్లునూ పిన్నీసుతో కలిపి పట్టుకున్నాను. ఇప్పుడు కొట్టిన అక్షరం బయటికి వెళ్లి అదే మిషన్‌లోకి తిరిగి రావాలి. వచ్చింది. ఆమె కంప్యూటర్‌కూ అలాగే చేశాను. అక్కడా వచ్చింది.

"రెండు పోర్టులూ మంచివే. తప్పు కేబుల్‌ది. ఇది మోడెంకి వాడేది. దీంట్లో ఇటు నోరు అటు నోటికే కలుస్తుంది. ఇద్దరూ మాట్లాడుతున్నారు, వినేవాళ్లు లేరు."

"మా ఇంట్లో లాగే," అంది తెరేసమ్మ.

కేబుల్‌ను మధ్యకు కోశాను. నా సంచిలోని మీటరుతో మూడు తీగలు గుర్తుపట్టి, మాట్లాడే తీగను వినే తీగకు, వినేదాన్ని మాట్లాడేదానికి మార్చి ముడేశాను. మూడోది ఎర్తు, దాన్ని నేరుగా కలిపాను. టేపు చుట్టాను. ఇటు 'తు' కొడితే అటు ఏదో ఒక ఇంగ్లీషు అక్షరం పడింది. చాలు.

ఫైలు పంపితే మూడు నిమిషాలు పట్టింది. తెర మీద నూరు శాతం పడ్డాక ల్యాప్‌టాప్ తనంతట తానే ఆగిపోయింది. తెరేసమ్మ ఫైలు తెరిచింది.

"అయ్యో మాస్టారూ! అన్నీ ఇంగ్లీషు చీమలే. పాడైపోయిందండీ!"

"పాడవలేదు. తులసి వాడిన ఫాంటు నీ దగ్గర లేదు, అంతే. అక్షరాలు వచ్చాయి, వాటి బట్టలు రాలేదు. మిషన్ చల్లబడనీ."

టీ తెప్పించింది. అరగంట ఆగాం. ల్యాప్‌టాప్ మూత ముట్టుకుని చూస్తూ ఉన్నాను. మళ్లీ ఆన్ చేసినప్పుడు హార్డ్‌డిస్కు కీచుమంది కానీ తిరిగింది. ఫాంటు ఫైలు నిమిషంన్నరలో వచ్చేసింది. ఆమె దాన్ని ఎక్కించి, పుస్తకం మళ్లీ తెరిచింది.

ఈసారి తెలుగు.

నా కట్ట పక్కన పెట్టుకుని ఒక్కొక్క పేజీ చూశాను. నా దిద్దుబాట్లలో తులసి పన్నెండు తీసుకుంది. కామాలు, ఒత్తులు. మిగతావి తన పద్ధతిలోనే ఉంచింది. కొర్రమేను పాఠం దగ్గర తెరేసమ్మ పైకి చదివింది.

"'కొర్రమేను గాలి పీల్చడానికి పైకి వస్తుంది.' దీని కింద అభ్యాసం ఉందండీ. 'ఎందుకు వస్తుంది? మీ నాన్నని అడుగు. తెలుసుకుని మీ మాస్టారికి చెప్పు.'"

ఆమె తల తిప్పి నా వైపు చూసింది.

"లంకలో టీచరుగారే కదండీ ఉంది? మాస్టారెవరు?"

"అక్కడ మాస్టారెవరూ లేరమ్మా," అన్నాను.

తెరేసమ్మ పేజీని కిందికి జరిపి చూసింది. తర్వాత మామూలుగా, "జవాబు లేదండీ ఇక్కడ. చివర్లో వేయమంటారా?" అంది.

"వద్దు. వాళ్లే చెబుతారు."

ఫైలు ఇంకో రెండు చోట్ల కాపీ తీయించాను. ఆమె ప్రూఫులు ప్రింటు తీసి, అలవాటుగా వాటి మీద ఎర్ర పెన్ను పెట్టి ఇచ్చింది. పెన్ను బల్ల మీదే ఉంచి, కాగితాలు సంచిలో పెట్టుకున్నాను.