ఆకలి వేసిన మార్కులు

మా కంపెనీ విజిటింగ్ కార్డు మీద అడ్రసు పంజాగుట్ట. అక్కడ రెండో అంతస్తులో ఒక గది, ఆ గదిలో ఒక ఏసీ, ఏసీ కింద మా యజమాని అచ్యుతరావు గారు. కారప్పూస తయారయ్యేది మాత్రం అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల వెనక సందులో, రేకుల షెడ్డులో. నేను షెడ్డులో ఉండేవాణ్ణి. ఫుడ్ టెక్నాలజీ చదివాను కాబట్టి నా హోదా క్వాలిటీ ఆఫీసరు. సిరిసిల్లలో మా అమ్మకు ఆ మాట నోరు తిరగలేదు. 'మా భాను సైంటిస్టు' అని మరమగ్గాల వాడంతా చెప్పుకుంది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. ఆమె మాటను కాదనగలిగేవాళ్లు ఎవరూ లేరు. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదన్న సంగతి నేనూ చెప్పలేదు.

ఒకరోజు అచ్యుతరావు గారు పంజాగుట్టకు రమ్మన్నారు. బంజారాహిల్స్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ తన ఉద్యోగులకు సాయంత్రం పూట చిరుతిండి పెట్టాలనుకుంటోందట.

"వాళ్లకి మూడు కావాలంట భానూ. రుచిగా ఉండాలి, ఒంటికి మంచిదవ్వాలి, భూమికి మంచిదవ్వాలి. మూడూ మన ప్యాకెట్లో పెట్టెయ్."

"మూడూ ఒకేసారి కష్టం సర్. కారప్పూస రుచంతా నూనెలోనే ఉంటుంది. నూనె తగ్గిస్తే..."

"వంద గ్రాముల ప్యాకెట్టయ్యా. మూడు పట్టవా ఏంటి?"

ఆయన కుర్చీలో వెనక్కి వాలి అసలు సంగతి చెప్పారు.

"ఆర్డరొచ్చి నిలబడితే నిన్ను పర్మినెంటు చేస్తాను. రాకపోతే క్వాలిటీ ఆఫీసరుతో నాకేం పని? చంద్రమ్మ చాలు."

చంద్రమ్మ మా షెడ్డులో మూకుడు దగ్గర పెద్ద. ఆమెను మూకుడు దగ్గర్నుంచి పక్కకు జరిపి, నేను ఓవెన్ తెప్పించాను. శనగపిండి సగం తీసి జొన్నపిండి కలిపాను. ఉప్పు తగ్గించాను, నూనె మానేశాను. చదువుకున్న సూత్రాలన్నీ పాటించాను. ఓవెన్‌లోంచి బయటికి తీసినప్పుడు చూడ్డానికి కారప్పూసలాగే ఉంది. చంద్రమ్మ ఒక పుల్ల తీసుకొని నమిలింది. చాలాసేపు నమిలింది.

"గిది తినేదా సారూ, ఊడ్చేదా?"

"ఒంటికి మంచిది చంద్రమ్మా."

"ఎవరి ఒంటికి?"

తరవాత భూమి వంతు వచ్చింది. ప్లాస్టిక్ వద్దన్నారు కాబట్టి కాగితం కవరు చేయించాం. దాని మీద పచ్చని ఆకు బొమ్మ, కింద 'నూనెలో వేయించనిది' అన్న మాట. వానలు పడ్డాయి. కాగితంలో ఉన్న కారప్పూస సాయంత్రానికి నూడుల్స్ అయింది. అచ్యుతరావు గారు అరనిమిషంలో పరిష్కారం చెప్పారు. లోపల ప్లాస్టిక్ కవరు, బయట కాగితం కవరు.

"సర్, అప్పుడు ఒకటికి రెండు కవర్లవుతాయి."

"కనిపించేది కాగితమే కదా."

మామూలు సరుకు వేయించే మూకుళ్లలో మిగిలిన మరిగిన నూనె సంగతి కూడా అదే ఊపులో అడిగాను. ఆ నూనెను ఆయన మిర్చి బజ్జీ బండ్లవాళ్లకు అమ్ముతారు. అది మంచిది కాదు సర్ అన్నాను. ఆయన నొచ్చుకున్నారు.

"మోరీలో పారబోస్తే భూమికి మంచిదా? నువ్వే కదయ్యా పర్యావరణం అన్నావు."

అన్నది నేను కాదు, సాఫ్ట్‌వేర్ కంపెనీ. కానీ పర్మినెంటు కానివాడు అంతకంటే వాదించడు.

ఇక మిగిలింది రుచి. యాభై మంది యువతీయువకులు తిని మార్కులు వేసిన నివేదిక కావాలని సాఫ్ట్‌వేర్ కంపెనీ అడిగింది. యాభై మందిని ఎక్కణ్ణుంచి తేవాలా అని నేను తల పట్టుకుంటే అచ్యుతరావు గారు నవ్వారు. "మన సందులోకి చూడవయ్యా. కొత్త తరం వినియోగదారులు ఫుట్‌పాత్ మీద ఖాళీ లేకుండా నిలబడ్డారు."

నిజమే. జావా నేర్చుకునేవాళ్లు, టెస్టింగ్ నేర్చుకునేవాళ్లు, ఏం నేర్చుకోవాలో కనుక్కునేవాళ్లు, అందరూ మా సందులోనే ఉంటారు. పక్క హాస్టల్‌కు అట్టపెట్టెలతో వెళ్లాను. మెస్సులో సాంబారు అయిపోయిందని గొడవ జరుగుతోంది. నా పెట్టె చూసి గొడవ ఆగింది.

మార్కుల కాగితాలు పంచేలోపే ప్యాకెట్లు ఖాళీ అయ్యాయి. తణుకు నుంచి వచ్చిన ఫణీంద్ర అనే కుర్రాడు అరచేతిలో పొడి కూడా నాకి, కాగితం మీద పదికి పది వేశాడు.

"ఉప్పు తక్కువ అనిపించలేదా?" అని అడిగాను.

"లేదండి."

"గట్టిగా లేదూ?"

"మా మెస్సు చపాతీ తిన్నారాండి మీరు ఎప్పుడైనా?" అన్నాడు. "నేను టెస్టింగ్ నేర్చుకుంటున్నానండి. తప్పు కనపడకపోతే పాస్ అని రాసెయ్యమన్నారు. ఇంకో ప్యాకెట్ ఉందాండి?"

యాభై మందీ పదికి పదే. ఒకమ్మాయి 'అచ్చం అమ్మ చేసినట్టుంది' అని రాసింది. ఆ అమ్మ ఎవరో గాని, ఆ అమ్మాయి మీద నాకు జాలేసింది.

పంజాగుట్ట వెళ్లి ఉన్నమాట చెప్పాను. "ఈ మార్కులు పనికిరావు సర్. ఆకలి రుచెరగదు అంటారు కదా. వాళ్లు ఆకలి మీద ఉన్నారు."

"సామెతలకు ఆర్డర్లు రావు భానూ. మార్కులకు వస్తాయి."

వచ్చింది. మూడు నెలలు ట్రాలీ ఆటోలో పెట్టెలు బంజారాహిల్స్ ఎక్కాయి. నాలుగో నెలలో వచ్చి కలవమని కబురొచ్చింది. ఆర్డరు ఆపే ఆలోచనలో ఉన్నారట. అచ్యుతరావు గారు "వెళ్లి నీ ఉద్యోగం కాపాడుకో" అని నన్నే పంపారు.

అద్దాల గదిలో ఇద్దరు కూర్చున్నారు. ఒకరు సుమశ్రీ గారు, ఉద్యోగుల సౌకర్యాలు చూసే మేనేజరు. రెండో మనిషి మెడలో ట్యాగు, ఒంటి మీద ఇస్త్రీ చొక్కా, ముఖం మీద విసుగు. పోల్చుకోడానికి కొంచెంసేపు పట్టింది.

"ఫణీంద్రా, నువ్వా?"

"అవునండి. ఇక్కడే ఉద్యోగమొచ్చింది, ఫుడ్ కమిటీలో ఉన్నాను. ఏంటండీ ఇది, గడ్డి తిన్నట్టుంది?"

"నువ్వు దీనికి పదికి పది వేశావు."

"అప్పుడు హాస్టల్లో ఉన్నానండి."

ఫుడ్ టెక్నాలజీలో ఆ పాఠం చెప్పలేదు. సుమశ్రీ గారు మర్యాదగా వివరించారు. "మావాళ్లకి ప్యాకెట్ తీసుకునేటప్పుడు ఆరోగ్యం కావాలండీ. తినేటప్పుడు రుచి కావాలి. పారేసేటప్పుడు భూమి గుర్తుకు రావాలి. మీరు మొదటిదొక్కటే ఇస్తున్నారు."

"మరి సాయంత్రం ఏం తింటున్నారు?"

"కింద మిర్చి బజ్జీ బండి ఉందండి," అన్నాడు ఫణీంద్ర. "అదిరిపోతాయి. ఆ నూనెలో ఏదో ఉందండి."

ఆ నూనెలో ఏముందో, అది ఏ షెడ్డు నుంచి వస్తుందో నాకు తెలుసు. మంచినీళ్లు తాగాను.

"మీ ప్యాకెట్లు వృథా చెయ్యట్లేదండోయ్. శనివారం శనివారం మా పాత హాస్టల్‌కి పట్టుకెళ్లి పంచుతున్నాం. పదికి పది ఇస్తున్నారు కుర్రాళ్లు."

తిరిగొచ్చి చెబితే అచ్యుతరావు గారికి ఇది సమస్యలాగే అనిపించలేదు.

"ఎప్పట్లా మూకుట్లో వేయించి, బట్ట మీద పోసి నూనె తుడిపించు. కవరు అదే, అక్షరాలు అవే. నువ్వు క్వాలిటీ కాగితం మీద సంతకం పెట్టు. నీ పర్మినెంటు కాగితం మీద నేను పెడతాను."

రెండు కాగితాలూ బల్ల మీదే ఉన్నాయి. నాకు అమ్మ గుర్తొచ్చింది. ఆమె వెనక మా నాన్న గుర్తొచ్చాడు. ఆయన బతుకంతా పాలిస్టరే నేశాడు. దాన్ని పాలిస్టరని చెప్పే అమ్మాడు.

"వేయించినదాన్ని వేయించలేదని నేను రాయలేను సర్."

"అయితే ఏం రాస్తావు?"

"నూనెలో వేయించినది, కొంచెమే తినండి అని రాద్దాం. తాజా నూనె వాడదాం. ప్యాకెట్లో సగమే పోద్దాం. సగం తింటే ఒంట్లోకి సగం నూనే పోతుంది. రుచి రుచే ఉంటుంది."

ఆయన పర్మినెంటు కాగితం వెనక్కి లాక్కున్నారు. ఉద్యోగం పోయిందనుకున్నాను. షెడ్డులో నా టిఫిను డబ్బా, రెండు పుస్తకాలు ఉన్నాయి, తెచ్చుకోవాలి అనుకుంటూ నిలబడ్డాను. ఆయన క్యాలిక్యులేటరు ముందుకు జరుపుకున్నారు.

"సగమా?"

"సగమే సర్. రేటు కూడా సగం."

"రేటు నీ సబ్జెక్టు కాదు." ఆయన వేళ్లు చకచకా ఆడాయి. ముఖం వెలిగింది. "అరె, సగం సరుకు మిగిలితే భూమికీ మంచిదే. నిజంగానే మూడూ కుదిరాయి కదయ్యా."

కొత్త కవర్లు చిన్నవి కొట్టిద్దామంటే ఒప్పుకోలేదు. ఉన్న పెద్ద కవర్లు పారేస్తే భూమికి మంచిదా అన్నారు. పాత అక్షరాల మీద 'నూనెలో వేయించినది. కొంచెమే తినండి' అని చీటీ అంటించాం. చంద్రమ్మ మళ్లీ మూకుడు ముందుకు వచ్చింది. ఓవెన్ మీద పిండి బస్తాలు పెట్టింది.

చీటీ చూసి సుమశ్రీ గారు ముచ్చటపడ్డారు. ఇంత నిజాయితీగల కంపెనీని చూడలేదన్నారు. ఆర్డరు నిలబడింది, దాంతో నేనూ నిలబడ్డాను. నెల తిరిగేసరికి ఆర్డరు రెండింతలైంది. ఏంటి సంగతని వెళ్లి చూస్తే, ఫణీంద్ర డెస్కు మీద రెండు ఖాళీ కవర్లున్నాయి, మూడోది చింపుతున్నాడు.

"కొంచెమే తినమని రాశాం కదా."

"కొంచెమేనండి. ప్యాకెట్‌కి కొంచెం."

సాయంత్రం షెడ్డుకు వస్తుంటే హాస్టల్ గేటు దగ్గర ఒక కొత్త కుర్రాడు నన్ను ఆపాడు. "అన్నా, శనివారం గా కాల్చిన కారప్పూస వస్తుండే. బందైందా? మస్తుండె." మేం కనిపెట్టిన ఆరోగ్యానికి ఉన్న ఒకే ఒక్క అభిమాని. బందైంది తమ్ముడూ అన్నాను.

ఆ ఆదివారం పర్మినెంటు కాగితం జేబులో పెట్టుకొని, ఒక ప్యాకెట్ తీసుకొని సిరిసిల్ల వెళ్లాను. వాకిట్లో వాడంతా ఉంది. కొడుకు కనిపెట్టిన వస్తువును అమ్మ రెండు చేతులతో అందుకుంది. ఊపి చూసింది. లోపల గలగలమంది. పైనుంచి కిందికి తడిమింది. వాడకట్టు ముందు గొంతు తగ్గించి అడిగింది.

"గిదేంది బిడ్డా, సగం ఖాళీ ఉన్నది. తొవ్వల తిన్నవా?"

"ఆకలైందమ్మా," అన్నాను.