ఏరి కొలవడం

పైకి చదువుతూ చదువుతూ ఉంటే పిన్నికి ఊపిరి అందలేదు. అంటే ఆ వరుసను అక్కడ విరగ్గొట్టాల్సిందేనన్నమాట. ప్రోగ్రాములు రాసే ఆ ఆఫీసులో, అందరూ పిన్ని అని పిలిచే ఆమె పద్ధతి అది. రాసింది నోటితో చదవాలి, ఊపిరి ఆగినచోట కొత్త వరుస మొదలుపెట్టాలి, ప్రతి వరుసకీ అది చేసే పనే పేరుగా పెట్టాలి. చాదస్తమని వెనకాల నవ్వుకునేవాళ్లున్నారు. నవ్వుకోనీండి, నవ్వు ఆరోగ్యానికి మంచిదే అంటుంది ఆమె, ముక్కు చివరికి జారిన కళ్లద్దాలను వేలితో పైకి తోసుకుంటూ.

ఈవేళ ఆమెకు ఊపిరి అందనివ్వని వరుస సుడిగాలి రాసింది. సుడిగాలంటే పక్కబల్ల అమ్మాయి. రాతలో అంత వేగం. డయాలసిస్ కేంద్రంలో ఏ పూటకాపూట ఖాళీ అయ్యే కుర్చీలకు, ఎదురుచూస్తున్న రోగుల్లో ఎవరెవరిని పిలవాలో ఆ వరుస తేల్చాలి. కానీ వారంగా అక్కడ కుర్చీలు ఖాళీగా ఉంటున్నాయి, ఇళ్ల దగ్గర రోగులు పిలుపు కోసం కాచుకుని ఉంటున్నారు. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. సాయంత్రం పూటకి రమ్మనే కబుర్లు మధ్యాహ్నంలోగా వెళ్లాలి.

పిన్నికి మనసు మనసులో లేదు. ఆమె భర్త చివరి ఏడాదంతా అలాగే ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. ఒక పూట తప్పితే పాదాలు ఉబ్బేవి, పడుకుంటే ఊపిరాడేది కాదు. “మోగలేదు కదే?” అని ఆమెను అడిగేవాడు, తన ఒళ్లో ఉన్న ఫోను గురించే. ఆయన పోయాక ఆమెకు ఇల్లంటే భయం, ఆఫీసంటే ప్రాణం.

“వంద సార్లు చూశా పిన్నీ. తప్పేం లేదు.”

“ఉన్నా కనపడదు తల్లీ. అన్నీ ఒకే మూటలో కుక్కేశావు. విప్పుదాం పట్టు.”

విప్పారు. ఎదురుచూస్తున్నవాళ్లందరి పేర్లూ తీసుకోవడం మొదటి వరుస. ఎక్కువ రోజులుగా ఎదురుచూస్తున్నవాళ్లు ముందుకు రావడం రెండోది. కుర్చీలెన్ని ఉంటే అంతమందిని తీసుకోవడం మూడోది. జ్వరం ఉన్నవాళ్లనీ, ఈ పూట రాలేమన్నవాళ్లనీ తీసేయడం ఆఖరుది. పిన్ని చదవడం ఆపేసింది.

“ఓసి పిచ్చిపిల్లా! ఏరకముందే కొలిచావే. బియ్యమైనా ఏరి కొలవాలి గానీ, కొలిచాక ఏరితే తరిగిపోదూ?”

సుడిగాలి నాలుక కరుచుకుంది. మరుక్షణం కళ్లనిండా నీళ్లు. “నావల్ల ఎంతమంది...”

“ఏడుపు తర్వాత. నువ్వు రాస్తే మేమంతా తలూపాం, నీ ఒక్కదానిదే ఎలా అవుతుంది? ముందు వరుసలు మార్చు.”

మూడోది నాలుగోదైంది, నాలుగోది మూడోదైంది. అంతే. నడిపి చూస్తే కుర్చీలకు సరిగ్గా సరిపడా పేర్లు వచ్చాయి. కబుర్లు వెళ్లాయి. పిన్ని గుండెల మీంచి బరువు దిగినట్టయింది. పొద్దుటి నుంచీ ఎడమభుజం లాగుతున్న సంగతి మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు.

“కాస్త నడుం వాలుస్తా. కేంద్రం నుంచి ఫోనొస్తే లేపవే” అని వెనకగదిలో బెంచీ మీద పడుకుంది.

సాయంత్రం నర్సు ఫోను చేసింది. “అన్నీ నిండాయమ్మా! ఒకాయనైతే నిజంగా నన్నే పిలిచారా అని మూడుసార్లు అడిగాడు.”

సుడిగాలి వెనకగదిలోకి పరుగెత్తింది. “పిన్నీ, నిండాయి! అన్నీ నిండాయి!”

పిన్ని లేవలేదు. పట్టుకుంటే చెయ్యి చల్లగా ఉంది.

అందరూ వచ్చి ఆమెను తీసుకెళ్లాక సుడిగాలి పిన్ని బల్ల దగ్గరికొచ్చి కూర్చుంది. తెరమీది నాలుగు వరుసల్నీ పైకి చదివింది. ఏదీ ఊపిరికి మించలేదు. అయినా ఆఖరు వరుస దగ్గర ఆగింది. తల దించుకుంటే బల్ల కింద, బొటనవేళ్ల గుర్తులు పడ్డ పాత చెప్పుల జత కనిపించింది.