సమ్మవ్వ లేని ఆదివారం

ఆదివారం వచ్చిందంటే సమ్మవ్వకు కాలు నిలవదు. బియ్యం ఎండబోయాలి, పప్పు డబ్బాల్లో వేపాకు మార్చాలి, డ్రమ్ములు కడిగి నీళ్లు నింపాలి, కోళ్ల గూడు ఊడవాలి, పొయ్యి కట్టెలు రేకుల కిందికి చేర్చాలి. ఎంత ముసురు పట్టినా తన ఇల్లు తన కాళ్ల మీద నడవాలని ఆమె పట్టుదల. బొగ్గుబావిలో పనిచేసి ఈమధ్యే రిటైరైన భర్త లింగమూర్తికి మాత్రం ఆదివారమంటే అరుగు మీద చాయ్, పేపరు.

కూతురు యమున పురుటికని శ్రీరాంపూర్ వెళ్తూ ఆమె పనులన్నీ ఆయనకు అప్పజెప్పింది.

"కట్టెలు మరువకు. మబ్బు లేకున్నా లోపలెయ్యి. గ్యాసు అయిపోవచ్చింది."

"ఫికర్ చెయ్యకే. బాయిల దిగినోనికి కట్టెలు మొయ్యుడు ఒక పనా?"

ఆ ఆదివారం బియ్యం, వేపాకు, నీళ్లు, కోళ్లు అయ్యేసరికి లింగమూర్తి నడుము పడిపోయింది. ఆకాశం చూస్తే తెల్లగా ఉంది. కట్టెలు రేపు చూద్దామని పడుకున్నాడు. సాయంత్రానికి వాన మొదలైంది. మర్నాటికి వాగు పొంగి దారి మూసుకుపోయింది. కరెంటు పోయింది, గ్యాసూ అయిపోయింది. తడికట్టెలు ఊది ఊది ఆయన కళ్లు ఎర్రబడ్డాయే తప్ప మంట రాలేదు.

పక్కింటి నుస్రత్ బేగం గోడ మీదుగా తొంగిచూసింది.

"అన్నా, గా పొగ ఏంది? ఇల్లు అంటుకున్నదా?"

"వంట చేస్తున్న, చెల్లె."

ఆమె నవ్వు ఆపుకుంది. "బియ్యం పట్టుకొని జల్ది రా. మా దగ్గర గ్యాసున్నది, బియ్యమే లేవు. మోటరు నడవక నీళ్లు గూడ లేవు."

లింగమూర్తి బియ్యం, డ్రమ్ములోంచి రెండు బిందెల నీళ్లు తీసుకెళ్లాడు. వాన వెలిసేదాకా రెండిళ్లకూ ఒకటే వంట. నుస్రత్ భర్త గులాం అలీ మెకానిక్. బండి బ్యాటరీకి తగిలించి లింగమూర్తి ఫోను చార్జింగ్ చేసిపెట్టాడు. కాసేపటికే సమ్మవ్వ ఫోన్ చేసింది.

"మనుమరాలు పుట్టింది! కట్టెలు లోపలేసినవా?"

ఆయనకు అబద్ధం నోట రాలేదు. "నానినయే."

తిట్లకు సిద్ధపడ్డాడు.

"మరి తిన్నవా?" అందామె మెల్లగా.

"తిన్న. నువ్వు దాచిన బియ్యమే."

ఆమె తిరిగొచ్చాక తొలి ఆదివారం, ఆయనే ముందు లేచి చాయ్ కాచి ఆమెను అరుగు మీద కూర్చోబెట్టాడు.

"బాయిల మాకు వారానికో ప్లేడే ఉండె, ఆ రోజు పనికి సెలవు. ఇన్నేండ్లల్ల నీకు ఒక్కటన్న ఇచ్చిన్నా? ఇయ్యాల నీకు ప్లేడే. కూసో."

సమ్మవ్వ కూర్చుంది. రెండు గుక్కలు తాగిందో లేదో, పప్పు డబ్బాల్లో పచ్చి వేపాకు వేస్తున్న ఆయన్ను చూసి, "గట్ల కాదు! ఆకు ఎండినంకనే డబ్బాల వెయ్యాలె" అని కేకేసింది.

"సరే, మేడం."

ఇంకో గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది. బియ్యం బస్తా ఈడ్చలేక అవస్థ పడుతున్న మొగుడి దగ్గరికి నవ్వుతూ వెళ్లి రెండో కొస పట్టుకుంది.