మంచు మిగిల్చిన మడి

ఆ చలికాలం మంచు మా తోటను మాడ్చేసింది. చైనా నుంచి వచ్చిన తాత ఓటాకి నది పక్కన మొదలుపెట్టిన తోట అది. కాలీఫ్లవర్ పువ్వులు నల్లబడ్డాయి, ముల్లంగి ఆకు పట్టుకుంటే చేతిలోనే జారిపోయింది. గాలికి అడ్డంగా పెంచిన చెట్ల చాటున ఒక్క కాబేజీ మడి మాత్రం బతికింది. వెల్లింగ్టన్ మార్కెట్లో ధర మండిపోతోంది. పసిబిడ్డ ఉయ్యాల చుట్టూ తిరిగినట్టు అమ్మ ఆ మడి చుట్టూ తిరిగేది.

సరిగ్గా అప్పుడే, మా ఊరి మావోరీలందరికీ పెద్దదిక్కయిన న్గహుయా పెద్దమ్మ పోయింది. వాళ్ళ సభామందిరానికి ఎక్కడెక్కడి చుట్టాలో వస్తారు, సాగనంపేదాకా అందరికీ అక్కడే భోజనాలు. ఊళ్ళో పెళ్ళయినా చావయినా మా తోట నుంచి కూరలు వెళ్ళడం ఇంటి ఆనవాయితీ.

"వాళ్ళేం అడగలేదు కదత్తయ్యా," అంది అమ్మ. "మన తోట గతి వాళ్ళకి తెలీదా? ఎవరూ ఏమీ అనుకోరు."

నాన్న కలగజేసుకున్నాడు. "పోనీ సగం ఇద్దామమ్మా. సగం మార్కెట్‌కి పంపుదాం."

"ఆవిడ సగమే పోయిందట్రా, కిట్ లూన్?" అని నాయనమ్మ కత్తి పట్టుకుని మడిలోకి దిగింది.

ఆమె మోకాళ్ళు వంగవు. నాన్న వెనకాలే వెళ్ళాడు. "ఇటియ్యి. నువ్వు కోస్తే సగం మట్టిలోనే పోతుంది." అమ్మ ముక్కు తుడుచుకుని గోనెసంచులు తెచ్చింది. మడి మొత్తం కోసేశాం.

ఎప్పటిలాగే నాన్న లారీని మందిరం వెనక, వంటింటి వైపు ఆపాడు. పెద్దమ్మ తమ్ముడు విరేము ఎదురొచ్చాడు.

"ఇటు కాదు, కిట్ లూన్. ముందు నుంచి రండి."

"మూటలు వంటింటికే కదా, విరేమూ?"

"మూటలు మావాళ్ళు మోస్తారు. మీ తోట చూసొచ్చాను నేను. మనుషులు ముందు నుంచే రావాలి."

మందిరం ముందు పొడవాటి నల్లబట్టల్లో నిలబడ్డ ఆడవాళ్ళు రాగం తీసి మమ్మల్ని పిలిచారు. ఆ పిలుపుకి బురద బూట్లతోనే నాన్న నడిచాడు. బడి మీటింగుల్లో గోడకి ఆనుకుని నోరు విప్పని మనిషి, శవపేటిక ఎదుట నిలబడి మా చైనా భాషలో మాట్లాడాడు.

"పెద్దమ్మా, నేను పిల్లాడిగా ఈ దేశానికొచ్చినప్పుడు నా పేరు సరిగ్గా పలికింది నువ్వే. ఈ ఏడు తోట బాలేదు. ఉన్నది తెచ్చాం."

ఆ మాటలు వాళ్ళలో ఎవరికీ అర్థం కాలేదు. అయినా అందరూ తలలు వంచారు. పదిహేనేళ్ళ నేను మాత్రం తల వంచలేకపోయాను. మా నాన్ననే చూస్తుండిపోయాను.

భోజనాల దగ్గర నాయనమ్మని పెద్దల వరసలో కూర్చోబెట్టారు. ఆమె పంది ఎముకల పులుసు రుచి చూసి నా చెవిలో, "పులుసు బావుంది గానీ కాబేజీ మరీ ఉడికించేశారే," అని, మళ్ళీ వడ్డించుకుంది.

ఆ చలికాలమంతా మేం గంజీ ఎండుచేపా తిన్నాం. మార్కెట్లో ఒక వ్యాపారి, "ఆ కాబేజీ ఎంతకి అమ్మారమ్మా?" అని ఆరా తీశాడు.

"అమ్మలేదు. పెట్టాం," అంది అమ్మ, పక్క కొట్ల వాళ్ళందరికీ వినబడేలా.