గోడ మీద వెలుగు చుక్క

1989 మార్చి పదమూడు, సోమవారం. రేపల్లెలో మా బోటువాళ్ళ సంఘం గదిలో వైర్‌లెస్ సెట్టు పొద్దున్నే మూగబోయింది. మద్రాసు పలకలేదు, విశాఖ పలకలేదు. హోరు తప్ప ఏమీ లేదు.

ఆ సెట్టు మాకెవరూ దానం చెయ్యలేదు. తుఫాను కబురు ముందే తెలియాలని బాపట్లలో చేపలశాఖ ఆఫీసు ముందు పదకొండు రోజులు ధర్నాకి కూర్చుని తెచ్చుకున్నాం. బుధవారం ఆఫీసరు తనిఖీకి వస్తాడు. సెట్టు పలకకపోతే పట్టుకుపోతాడు.

సంఘం పెద్దనైనా నాకు కేకలు ముందొస్తాయి, ఆలోచన తర్వాత. సెట్టు నడిపే దేవసహాయానికి తెనాల్లో రేడియో రిపేరు కొట్టుంది. లోపలి సామాను అక్కడ అమ్ముకున్నాడని తేల్చేశాను. మంగళవారం పొద్దున నలభై మందిని గది ముందు కూర్చోబెట్టి, "దొంగ ఆపరేటరు దిగిపోవాలి" అని అరిపించాను.

దేవసహాయం తలుపు తీశాడు. "నాంచారయ్య బాబాయ్, లోపలికొచ్చి ఒకటి చూడండి. తర్వాత తన్నండి. ఆ కత్తి మాత్రం బయట పెట్టండి. ఇనుముంటే కుదరదు."

మొలలో ఉన్న చేపల కత్తి గడప దగ్గర పెట్టి వెళ్ళాను. కిటికీలు మూసేశాడు. గాలి తగలకుండా ఊరగాయ సీసాలో, పట్టుదారానికి సన్నటి అయస్కాంతం వేలాడుతోంది. దానికి గోరంత అద్దం ముక్క. స్టూలుకు కట్టిన టార్చిలైటు వెలుగు ఆ అద్దానికి తగిలి గోడ మీద చుక్కగా పడుతోంది. పక్కన సుద్దగీతలు, ఒక్కోదానికీ టైము.

"ఏంటిది, బొమ్మలాటా?"

"చూడండి."

చుక్క కదిలింది. ఎవరూ ముట్టుకోలేదు. చీమ పాకినట్టు రెండు వేళ్ళ మేర జరిగి, ఆగి, వెనక్కి మళ్ళింది.

"నెల్నించీ ఇది పెట్టి చూస్తున్నా. నిన్న పొద్దున ఏడింటికి ఒక్కసారి ఎగిరింది. సెట్టు మూగబోయిందీ ఆ పూటే. సూర్యుడి దగ్గర్నించి ఏదో విసురొచ్చి భూమి అయస్కాంతాన్ని ఊపుతోంది. పైన అయనోస్ఫియరని విద్యుత్తు పట్టిన పొరుంది బాబాయ్. మన మాట దానికి తగిలే కిందికి దిగుతుంది. ఇప్పుడది చెదిరిపోయింది."

నేను బల్ల గుద్దితే ఆఫీసర్లు ఉలిక్కిపడటం ఎరుగుదును. ఇక్కడ భూమికి భూమే వణుకుతోంది, ఆ వణుకు ఊరగాయ సీసాలో కనబడుతోంది. అన్నేళ్ళు సముద్రం మీద తిరిగినవాణ్ణి, నా నెత్తిన ఇంకో సముద్రం ఉందని తెలియదు.

బయటికొచ్చాను. చేపలమ్మే మాణిక్యం అడిగింది, "ఏంటి మావా, దించేశావా?"

"తప్పు నాది. దేవసహాయం దొంగ కాడు. సెట్టు బానే ఉంది, చెదిరింది ఆకాశం."

"మరి దిగిపొమ్మని ఎవర్ననాలి? సూర్యుణ్ణా?"

"నోరు మూసుకుని లోపలికి పో. ఇనుము బయట పెట్టు."

ఒక్కొక్కరే వెళ్ళారు. గడప దగ్గర కత్తులు, గాలాలు, తాళంచెవులు కుప్ప పడ్డాయి.

బుధవారం ఆఫీసరొచ్చాడు. సెట్టు ఇంకా హోరుమంటోంది. నేను ధర్నా మాటెత్తలేదు. "తాళాలు బయట పెట్టి రండి సార్," అన్నాను. నవ్వుతూ వచ్చినవాడు చుక్క కదిలేసరికి నవ్వు మానేశాడు. అరగంట నిలబడే ఉన్నాడు.

మా వెనక సెట్టులోంచి బొంగురుగా, ఎక్కడో దూరాన్నించి, ఎవరో "రేపల్లె, రేపల్లె" అన్నారు.

ఆఫీసరు గోడ మీంచి చూపు తిప్పలేదు. దేవసహాయమే లేచి బదులు పలికాడు.