రెండోసారి అడిగితే

కుందారపల్లి శుక్రవారం సంతలో గొర్రెల బేరాలు నోటితో జరగవు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలుపుతారు, మీద తువ్వాలు కప్పుతారు, దాని కింద వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ నిలబడ్డవాళ్ళకు ఇద్దరి మొహాలు తప్ప ఇంకేమీ కనబడవు. ఆ తువ్వాలు కింద అంజినప్ప వేళ్ళంత స్పష్టంగా మాట్లాడే వేళ్ళు వేప్పనపల్లి చుట్టుపక్కల లేవని దళారులే ఒప్పుకునేవారు.

అలాంటి చేతికి వణుకు వచ్చింది. ఆయన ఒక ధర నొక్కితే అవతలివాడికి ఇంకో ధర అందేది. మొదట నవ్వుకున్నారు, తర్వాత కసురుకున్నారు, చివరికి ఆయనతో చెయ్యి కలిపేవాడే లేకుండా పోయాడు. అంజినప్ప సంత మానేసి ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నన్నాళ్ళూ భార్య మునివెంకటమ్మతో సరిగ్గా నాలుగు మాటలు మాట్లాడిన పాపాన పోలేదు.

హోసూరులో నరాల డాక్టరు శోభన చూసి, ఇది పార్కిన్సన్స్ జబ్బు అని చెప్పి మాత్రలు రాసింది. మాత్రలు పట్టాయి. చెయ్యి నిలబడింది. అంజినప్ప మళ్ళీ సంతకు పోయి మళ్ళీ తువ్వాలు కింద చెయ్యి పెట్టాడు. ఆ రోజు ఇంటికొచ్చి ఆయన చెప్పిన కబుర్లకు మునివెంకటమ్మకు అన్నం వార్చడానికి కూడా తీరిక దొరకలేదు. మాత్రల డబ్బాను దేవుడి పటం పక్కన పెట్టుకున్నాడు. ఏదో మాటవరసకు అనడం కాదు, నిజంగానే అక్కడే పెట్టుకున్నాడు.

ఇలా హాయిగా సాగుతున్న రోజుల్లో, చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు, డాక్టరమ్మ ఆయన్ను పూర్ణిమ దగ్గర కాసేపు కూర్చోమంది. పూర్ణిమది నంద్యాల. భర్తకు ఫ్యాక్టరీలో ఉద్యోగం, హోసూరు పక్కనే మూకండపల్లిలో కాపురం, ఆస్పత్రిలో ఈ పరిశోధన పని. మనిషిలో తొందరపాటు ఎంతుందో తెలుసుకునే ప్రశ్నలు ఇంగ్లీషులో ఉంటే వాటిని తెలుగు చేశారు. నరాల జబ్బులున్నవాళ్ళ దగ్గర ఆ తెలుగు ప్రశ్నలు సరిగ్గా పనిచేస్తాయో లేదో ఇప్పుడు చూస్తున్నారు. ఈ సంగతంతా పూర్ణిమ నిదానంగా, విడమరిచి చెప్పింది. పాపం, ఆమె తప్పేమీ లేదు. కాకపోతే అంతకు ముందే డాక్టరమ్మ అన్న మాట ఒకటి అంజినప్ప చెవిలో పడింది. ఈ మాత్రలు కొందరిలో తొందరపాటు పెంచుతాయట, అలా పెరిగితే మాత్ర తగ్గిస్తారట. ఇక ఆ తర్వాత ఎవరేం చెప్పినా ఆయన తలకెక్కలేదు.

ముందూ వెనకా చూడకుండా పనిచేస్తారా? మనసుకు తోచిందే తడవుగా కొనేస్తారా? మాట తూలి ఆ తర్వాత బాధపడతారా? ఇలాంటివి ఒక పేజీ నిండా ఉన్నాయి. ఎప్పుడూ లేదు అనడం మొదలుకొని ఎప్పుడూ అంతే అనేదాకా జవాబులు నాలుగు. అంజినప్ప అన్నింటికీ ఎప్పుడూ లేదనే చెప్పాడు. భూమ్మీద తనంత నిదానస్తుడు ఇంకొకడు లేడని తేల్చేసి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికొచ్చాడు.

రెండు వారాలకు మళ్ళీ రమ్మన్నారు. దంపతులిద్దరూ రెండు బస్సులు మారి హోసూరు చేరారు. రోగి ఒక్కడే జవాబు చెప్పాలనేది అక్కడి పద్ధతి కాబట్టి మునివెంకటమ్మ బయట బెంచీ మీద కూర్చుంది. లోపల పూర్ణిమ పేజీ తీసి మొదటి ప్రశ్న చదివింది. పాత ప్రశ్నే. రెండోదీ పాతదే. అదే మనిషి అదే ప్రశ్నకు అదే జవాబు చెబుతాడా లేదా అని ఇలా రెండోసారి అడిగి చూస్తారు. చదువుకున్నవాళ్ళకు ఇందులో వింతేమీ లేదు.

అంజినప్పకు మాత్రం కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. గొర్రె ధర చెప్పిన తర్వాత అవతలివాడు ఎంత అని మళ్ళీ అడిగాడంటే అర్థం ఒక్కటే. మొదటి మాట వాడికి నచ్చలేదు. అప్పుడు బిగుసుకు కూర్చుంటే బేరం చెడుతుంది, కాస్త దిగాలి. బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆయన నేర్చుకున్న మర్యాద అది. సరే, దిగుదామనుకున్నాడు. ఎప్పుడూ లేదన్నది అప్పుడప్పుడు అయింది. పూర్ణిమ మొహంలో ఏమీ కనబడకపోయేసరికి ఇంకో మెట్టు దిగి తరచుగా అన్నాడు. పేజీ చివరికొచ్చేసరికి మొహమాటం కూడా పోయి ఎప్పుడూ అంతేనన్నాడు. ఇంత దిగిన తర్వాత ఎవరైనా ఒప్పుకోకుండా ఉంటారా అని తృప్తిగా మీసం దువ్వుకున్నాడు.

ఆ తృప్తి డాక్టరమ్మ గది గడప దాకానే. ఆమె రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని, ఈ రెండు వారాల్లో ఇంట్లో ఏం జరిగిందని అడిగింది. ఏమీ జరగలేదన్నాడు. తొందరపాటు ఇంతగా పెరిగితే మాత్ర ఇలాగే కొనసాగించలేనని ఆమె మెల్లగా చెప్పింది. అంజినప్ప కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నాడు. నిజంగానే భయపడ్డాడు. ఆ భయంలో తనకు తెలిసిన దారే పట్టాడు.

"అట్లయితే మొదట చెప్పిందే ఖాయం చేసుకోండమ్మా. నేను ఊరికే దిగినాను."

దిగడమేమిటో గదిలో ఎవరికీ బోధపడలేదు. పూర్ణిమ కుర్చీ దగ్గరికి జరుపుకుని గుచ్చి గుచ్చి అడిగితే ఆయన సంత సంగతి, మళ్ళీ అడిగితే దిగే సంగతి, అంతా చెప్పుకొచ్చాడు. ఆమెకు నవ్వాగలేదు. నవ్వి, కళ్ళు తుడుచుకుని, మరి రెండింటిలో నిజమేదని అడిగింది.

"సంతలో మొదటి మాట నిజం చెప్పేవాడు యాడన్నా ఉంటాడామ్మా? రెండోదీ అంతే. ఇంకా నిజం దాకా రాలేదు మనము."

ఈసారి డాక్టరమ్మ కూడా నవ్వింది. పూర్ణిమ పేజీ పక్కన పెట్టేసింది. తాము పరీక్ష పెడుతున్నది ఆయనకు కాదని, ఆ ప్రశ్నలకేనని, ఇక్కడ గెలవడం ఓడడం లేదని చెప్పింది. డాక్టరమ్మ ఇంకో మాట కలిపింది. నిజం చెబితే మాత్ర తగ్గినా తగ్గవచ్చు, ఆ సంగతి దాచనంది.

 అబద్ధమాడితే మాత్ర నిలుస్తుంది, అది అంజినప్పకు తెలుసు. కానీ ఎదుటి మనిషి తన బేరానికి చేటయ్యే మాట కూడా దాచకుండా బయట పెట్టింది. అలాంటి మనిషితో బేరమాడటం ఆయనకు చేతకాదు. తన జన్మలో అలాంటి కొనుగోలుదారును చూసిందీ లేదు. బయటి నుంచి మునివెంకటమ్మను పిలిచి కూర్చోబెట్టారు. ఆమె వైపు చూడకుండా చెప్పాడు.

"గొర్రెను చూస్తే నిలవలేకపోతా ఉండానమ్మా. ఇంతకు ముందు పళ్ళు చూడకుండా ఒక్క గొర్రెను కూడా పట్టలేదు నేను. పోయిన నెల చూడకుండానే ఒకదాన్ని కొనేసినాను. ముసల్ది. పళ్ళు రాలిపోయిండాయి. మా ఊరి మునిరాజుది, మేపమని ఇచ్చినాడని ఇంట్లో అబద్ధం చెప్పినాను."

చెప్పేసిన తర్వాత ఆయనకు మనసు తేలికపడింది. అయితే మాత్ర పోయిందనుకున్నాడు. డాక్టరమ్మ ఇంకా ఏవేవో అడిగింది. అప్పులు చేశారా, జూదానికి పోయారా, నిద్ర పడుతోందా? లేదు, లేదు, పడుతోంది. మాత్ర పూర్తిగా మానిపించనని, కొంచెం తగ్గించి దానికి ఇంకో మందు జత చేస్తానని, చెయ్యి పాడు కాకుండా చూసే బాధ్యత తనదని ఆమె చెప్పింది. కొనే పని ఉంటే మాత్రం భార్యను వెంట తీసుకుని వెళ్ళమంది. పూర్ణిమ తన పేజీల మీద ఒక వాక్యం రాసుకుంది. రెండోసారి అడిగే ముందు, మొదటి జవాబు నచ్చక అడగడం లేదని రోగికి తప్పకుండా చెప్పాలి.

అంతా అయ్యాక డాక్టరమ్మ మునివెంకటమ్మ వైపు తిరిగి, ఆ గొర్రె సంగతి మీకు తెలియదా అని అడిగింది. మునివెంకటమ్మ కొంగు సర్దుకుంది.

"దాన్ని ఇంటికి తెచ్చిన పొద్దే తెలుసు. అది గడ్డి కొరకలేదు కదమ్మా, అప్పటి నుంచి నూకలు ఉడకేసి పెడతా ఉండాను. చెయ్యి వణికినప్పటి నుంచి నవ్వే మర్చిపోయిన ఈయప్ప మళ్ళీ సంత నుంచి నవ్వుకుంటా వస్తా ఉండాడు. గొర్రెకు పళ్ళు లేకుంటే పోనీలే అనుకున్నాను."

అంజినప్ప ఆమె వైపు తిరిగి చూశాడు. నూకలు ఎక్కడి నుంచి తెస్తోందని అడిగాడు. "రెండోసారి అడిగితే చెప్తాలే" అంది ఆమె.